థర్మాకోల్ మోటారు

బడిని చెడగొట్టినవాళ్ళు లోకంలో చాలామంది ఉంటారు. చిన్నప్పుడు మా నరసాపురంలో ఆ జాబితాలో నా పేరూ ముందు వరసలోనే ఉండేది. కానీ ఒక బడిని బాగుచేసి చెడగొట్టినవాడు నాకు తెలిసి ఒక్కడే. వాడు రాసిందే మీరిప్పుడు చదువుతున్నది. నేను గోడ పడగొట్టలేదు, బల్ల విరగ్గొట్టలేదు, కిటికీ అద్దం మీద చిన్న గీత కూడా పడనివ్వలేదు. అంతా ముచ్చటగా తీర్చిదిద్దాను. ఆ ముచ్చటకు ఆ బడి నిండా మునిగిపోబోయింది. మునగడానికి కూడా అక్కడ నీళ్ళు లేవు కాబట్టి బతికిపోయింది.

నేను సినిమాల్లో ఉన్నానంటే జనం ముందు నా ముఖం వంక ఒకసారి చూసి, తరవాత జాలిగా, "ఓహో, తెర వెనకా?" అంటారు. తెర వెనక కూడా కాదండీ, గోడ వెనక. కళాదర్శకుడి దగ్గర సహాయకుణ్ణి. ఫిల్మ్ నగర్లో మీరు పాలరాతి భవనం అనుకుని మైమరచిపోయేది నిజానికి ప్లైవుడ్డు, దాని వెనక సరుగుడు కర్రలు, ఆ కర్రల వెనక చెమటలు కక్కుతూ నేను. పైన పటారం, లోన లొటారం అన్న సామెత మా వృత్తికి తిట్టు కాదు, అర్హత పత్రం. మా గురువుగారు మొదటి రోజే చెప్పారు: "కెమెరా చూడని వైపు దేవుడు కూడా చూడడురా. అటు మేకు ఎక్కువ కొట్టావంటే నీ జీతంలోంచి కోస్తాను."

అప్పట్లో నేను రహమత్ నగర్లో ఒక మేడమీద గదిలో కిరాయికి ఉండేవాణ్ణి. నా కిటికీ తెరిస్తే ప్రభుత్వ ప్రాథమిక పాఠశాల. గుట్ట వాలు మీద కట్టిన బడి కదా, గేటు పక్కన కింద నీళ్ళ సంపు, అక్కణ్ణుంచి పద్దెనిమిది మెట్లెక్కితే పైన తరగతి గదులు, వాటి వెనక మరుగుదొడ్లు. రోజూ పొద్దున్నే బ్రష్షు నోట్లో పెట్టుకుని కిటికీ దగ్గర నిలబడితే ఒకే దృశ్యం కనిపించేది. బడి ఊడ్చే యాదమ్మ అనే పెద్దావిడ సంపులోకి తాడు కట్టిన బకెట్ వదిలి, నీళ్ళు తోడి, ఆ బకెట్ మోసుకుంటూ మెట్లెక్కేది. దిగేది. మళ్ళీ ఎక్కేది. మధ్యలో ఒక మెట్టు మీద కూర్చుని మోకాళ్ళు నొక్కుకునేది.

నాకో జబ్బుంది. ఏదైనా వింతగా కనిపిస్తే దాని వెనక్కి వెళ్ళి చూడాలి. వృత్తి ధర్మం. ఒకరోజు బ్రష్షు కడిగేసి నేరుగా బడికి వెళ్ళాను.

హెడ్‌మిస్ట్రెస్ సరోజ మేడం సిద్దిపేట ఆవిడ. యాభై దాటిన మనిషి. నేను వెళ్ళేసరికి ఒక డబ్బా ముందు పెట్టుకుని అందులోంచి గోరంత గోరంత చాక్‌పీసు ముక్కలు ఏరుతున్నారు.

"ఎవరు తమ్మీ మీరు? అడ్మిషన్‌కా?"

"కాదండీ, పక్క మేడమీద ఉంటాను. సినిమాల్లో పని. ఊరికే ఒకటి అడుగుదామని. మోటారు ఉంది కదండీ గేటు పక్కన. నీళ్ళు చేత్తో ఎందుకు మోస్తున్నారు?"

"ఉంటే సరిపోతదా? నడవాలె గదా. కాలిపోయి రెండు నెలలాయె."

"మరి బాగుచేయించచ్చు కదండీ."

మేడం చాక్‌పీసు ముక్కను కిందపెట్టి, నన్ను ఎగాదిగా చూశారు. "మీరు బడిల సదువుకున్నరా తమ్మీ?"

"పదో తరగతి దాకా గట్టిగా, ఆ తరవాత మెల్లిగా చదివానండీ."

"పదేండ్లు సదివిన్రు గదా. గా చాక్‌పీసు ఎవరు కొంటరని ఒక్కనాడన్న అడిగిన్రా?"

నిజం చెప్పొద్దూ, అడగలేదు. వానలు మేఘాల్లోంచి, చాక్‌పీసులు మాస్టారి జేబులోంచి వస్తాయని అనుకున్నాను. ఆ ప్రశ్నతో నా బుర్రలో తాళం ఊడింది. అక్కడే బల్ల మీద కూర్చుని ఒకటొకటే అడగడం మొదలుపెట్టాను. హాజరు పట్టీ ఎవరు కొంటారు? కరెంటు బిల్లు ఎవరు కడతారు? ఫినాయిల్, చీపురు, గేటుకు తాళం, ఫ్యాను తిరగడం మానేస్తే దాని వైద్యం?

మేడం ఓపిగ్గా చెప్పారు. జీతాలు వేరు, పుస్తకాలు వేరు, మధ్యాహ్నం అన్నం వేరు. బడి అనేది రోజూ తెరుచుకుని రోజూ మూసుకోవడానికి అయ్యే ఈ చిల్లర మల్లర ఖర్చులన్నిటికీ కలిపి సర్కారు ఒక గ్రాంటు ఇస్తుంది. పిల్లలు ఎంతమంది ఉంటే దాన్నిబట్టి. అదీ ఒకేసారి రాదు, విడతలుగా. మొదటి విడత వచ్చింది; కరెంటుకు, చాక్‌పీసులకు, ఫినాయిల్‌కు కర్పూరంలా కరిగింది. రెండో విడత ఇంకా దారిలో ఉంది.

"ఆ పైసలు సూస్తే మీకు నవ్వొస్తది తమ్మీ," అన్నారావిడ.

నాకు నవ్వు రాలేదు. మా సెట్లో టీలకయ్యే ఖర్చు గుర్తొచ్చి, డబ్బాలోంచి నేనూ ఒక చాక్‌పీసు ముక్క ఏరాను.

"ఇప్పుడు మోటారుకు విడిగా అడిగిన. గురువారం నాడు ఆఫీసరు సారు వస్తరు. ఆయన కండ్లతోని సూసి రాస్తే పైసలొస్తయ్. రాయకుంటే ఇంకో ఏడాది యాదమ్మనే మోటరు."

"అంత ముఖ్యమా అండీ?"

మేడం గొంతు తగ్గించారు. "మగపిల్లలకు ఫికర్ లేదు, ఏ గోడ సాటుకో పోతరు. అయిదో తరగతి ఆడపిల్లలు దొడ్లె నీళ్ళు లేకుంటే మధ్యాహ్నం ఇంటికి పోతున్నరు. పోయినోళ్ళు మల్ల వస్తలేరు. తెల్లారి అడిగితే కడుపునొప్పి అంటరు. పొద్దుగాల లెక్కలు సదివి, మధ్యాహ్నం తెలుగు సదవని పిల్లలు తయారైతున్నరు నా బడిల."

ఆ మాటకు నా గుండె కరిగిపోయింది. గుండె కరిగినప్పుడు మనిషి బుర్రను జాగ్రత్తగా పట్టుకోవాలి. నేను అది చేయలేదు.

"మేడం, ఆఫీసరు గారి సంగతి నాకొదిలెయ్యండి."

"ఏం జేస్తరు?"

"బడిని కాస్త సర్దుతాను."

"సర్దుర్రి. గేటు రేకు లేసింది, సారు కాలు గీక్కుంటది. గంతే సాలు." ఇలా అని, బుధవారం ఏదో సెలవు కలిసి రావడంతో ఆవిడ మంగళవారం సాయంత్రమే తాళాలు యాదమ్మకిచ్చి సిద్దిపేట వెళ్ళిపోయారు.

ఇక్కడ మా పరిశ్రమ లోగుట్టు ఒకటి చెప్పాలి. లేకపోతే నేను చేసిన పని మీకు పిచ్చిగా కనిపిస్తుంది. చెప్పాక కూడా కనిపించవచ్చు, కానీ కాస్త పద్ధతైన పిచ్చిగా కనిపిస్తుంది. మా దగ్గర నిర్మాత సెట్ చూడటానికి వస్తున్నాడంటే, కట్టిందంతా తళతళలాడాలి. బోసిగా కనిపించిందా, "వీళ్ళకు పని రాదు" అని ఉన్న డబ్బులు కూడా ఆపేస్తాడు. ధగధగ మెరిసిందా, "అబ్బో, ఇంకో నాలుగు స్తంభాలు వెయ్యండి" అని జేబులో చెయ్యి పెడతాడు. కలిగినట్టు కనిపించినవాడికే కలిగించేవాడు కలిగిస్తాడు. ఇదే నాకు తెలిసిన ఆర్థికశాస్త్రం. డబ్బులిచ్చే పెద్దమనిషి ఎవరైనా ఒకటేనని, ఫిల్మ్ నగర్ కొండ మీదైనా ప్రభుత్వ కార్యాలయంలోనైనా ఒకే గాలి వీస్తుందని నేను నమ్మాను.

మా సెట్ సామాను దాచే గోడౌన్ ఇన్‌చార్జి సూర్రావు గారు భీమవరం వైపు మనిషి. ఆయన దగ్గర ఆ మధ్యే ఒక ఖరీదైన బడి సెట్ విప్పి పెట్టిన సామానుంది.

"శుక్రవారం పొద్దున్న లారీ ఎక్కాలబ్బాయ్ ఇదంతా. ఒక్క పూలకుండీ తగ్గినా ఊరుకోను," అన్నాడాయన.

"గురువారం సాయంత్రానికే తెచ్చేస్తానండీ."

"ఎక్కడికేంటి?"

"బడికండీ."

"బడి సామాను బడికా? ఇన్నాళ్ళ సర్వీసులో వినలేదు," అని నవ్వుతూ తాళం తీశాడు.

బుధవారం పొద్దున్నే ఇద్దరు సెట్ వర్కర్లతో దిగిపోయాను. పెచ్చులూడిన గోడకు ఎర్ర ఇటుకలు ముద్రించిన ఫ్లెక్సు తాపడం చేశాం. మెట్లకు అటూ ఇటూ ప్లాస్టిక్ మొక్కలు పెట్టాం. ఒక గదిలో ఆరు కంప్యూటర్లు వెలిశాయి; వాటికి ముఖాలున్నాయి కానీ మెదళ్ళు లేవు, నాలాగే. వరండాలో పుస్తకాల బీరువా నిలబెట్టాం. దూరం నుంచి చూస్తే సరస్వతీ నిలయం, దగ్గరికొస్తే పుస్తకాల వీపులు మాత్రమే వరసగా అతికించిన ఒకే చెక్క. స్టీలు వాటర్ ఫిల్టరు పెట్టాం, లోపల గాలి.

ఆఖరికి మోటారు. తుప్పు పట్టిన అసలు మోటారును ఊడదీసి స్టోరు రూములో పెట్టించి, దాని జాగాలో థర్మాకోల్‌తో కొత్త మోటారు చెక్కాను. నీలిరంగు, వెండి బోల్టులు, పక్కన ఎర్రటి హెచ్చరిక గుర్తు. నా వృత్తి జీవితంలో అంత నిజమైన అబద్ధం మళ్ళీ చేయలేదు.

యాదమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుని అంతా చూసింది.

"మస్తుగున్నది బిడ్డా. నీళ్ళొస్తయా గిందులకెల్లి?"

"రావు యాదమ్మగారూ. కానీ వచ్చేలా కనిపిస్తుంది."

"కనవడితే కడుక్కోవస్తదా?"

సమాధానం ఉన్నట్టు తల ఊపాను. వర్కర్లిద్దరి చేతా సంపులోంచి నీళ్ళు తోడించి, పైన ట్యాంకులో సగం పోయించాను. కుళాయి తిప్పితే ధార. యాదమ్మ ఆ ధార కింద చెయ్యి పెట్టి, "అయిపోయినంక?" అంది.

"రేపు పదకొండింటి దాకా ఆగితే చాలు."

"సినిమా పదకొండింటికి అయిపోతదా?" అని గొణుక్కుంటూ వెళ్ళిపోయింది.

గురువారం పిల్లలొచ్చారు. గేటు దగ్గరే ఆగిపోయి, బోర్డు చదువుకుని, తమ బడే అని నిర్ధారించుకుని లోపలికి అడుగుపెట్టారు. రెండు జడల పిల్ల ఒకతి బీరువా దగ్గర చాలాసేపు నిలబడి, నా చొక్కా లాగింది.

"సార్, గీ పుస్తకాలు తెరుసుకుంటలేవు."

"అవి చూడ్డానికమ్మా."

"సూసి ఏం జెయ్యాలె?"

ఆ బడిలో ఆడవాళ్ళందరూ చిన్నా పెద్దా తేడా లేకుండా ఒకే రకం ప్రశ్నలు వేస్తారని నాకు అప్పుడు అర్థమైంది.

ఆఫీసరు గారు అనుకున్నదానికంటే ముందే వచ్చారు. మేడం సిద్దిపేట బస్సు ఇంకా దారిలోనే ఉంది. బడిలో మిగతా ఇద్దరు టీచర్లు పాఠాలు చెబుతున్నారు. దాంతో ఆహ్వాన సంఘం అధ్యక్షుణ్ణి నేనే అయ్యాను.

ఆయన ఫైలు చంకలో పెట్టుకుని గేటు దగ్గర ఒక నిమిషం నిలబడిపోయారు. "ఇది గవర్నమెంట్ బడేనా?"

"మీదే సార్, మీ చల్లని నీడలోనే."

"నువ్వెవరు?"

"పక్క మేడమీద ఉంటాను సార్. బడి అంటే అభిమానం."

మెట్లెక్కుతూ మొక్కలు చూశారు, కంప్యూటర్లకు దూరం నుంచే ఒక చిరునవ్వు విసిరారు. బీరువా దగ్గర ఒక పుస్తకం వీపు మీద వేలు పెట్టేసరికి నా పై ప్రాణాలు పైనే పోయాయి. "సార్, నంబర్లు వేస్తున్నారు, వరస తప్పుతుంది," అన్నాను. ఆయన మెచ్చుకోలుగా వేలు తీసేశారు. కుళాయి తిప్పారు. ధార. "ప్రెషర్ ఎక్సలెంట్," అన్నారు. కిందికి దిగి మోటారు దగ్గర వంగారు. చెయ్యి చాపారు.

"కరెంటు ఉంది సార్, ముట్టుకోకండి."

ఆ మాట నా నోట్లోంచి ఎలా వచ్చిందో తెలియదు. అబద్ధం థర్మాకోల్ లాంటిది. తేలికే. కానీ ఒకసారి విరిగిందంటే ఆ తెల్లటి పూసలు జన్మంతా ఏరుకోవాలి.

సరిగ్గా అప్పుడే మేడం గేట్లో అడుగుపెట్టారు. బడిని చూశారు, మోటారును చూశారు, ఆఫీసరును చూశారు, చివరగా నన్ను చూశారు. ఆ చూపును నేను వర్ణించను. అనుభవించాను, చాలు.

"కంగ్రాట్స్ మేడం," అన్నారాయన. "ఇచ్చే గ్రాంటుల ఇంత జేసిన్రంటే మామూలు విషయం కాదు. మోటరు గూడ కొత్తదే తెచ్చిన్రు. మరి మోటరు కావాలని ఎందుకు రాసిన్రు?"

"సార్, గది నిజం మోటరు కాదు."

ఆఫీసరు గారు నవ్వారు. "మేడం, ఇరవై ఏండ్ల సర్వీసు నాది. ఏ బడికి పోయినా మోటరు లేదు, ఫ్యాను లేదు, పైసలు లేవనే అంటరు. నేను కండ్లతోని సూస్తున్న గదా."

"సార్, మీరు ఒక్కసారి దాన్ని..."

"కరెంటు ఉన్నదట మేడం, మీరే జాగ్రత్త."

మేడం మళ్ళీ నా వంక చూశారు. నేను నోరు విప్పవలసిన క్షణం అదే. విప్పలేదు. కాళ్ళ కింద భూమి చీలితే బాగుండునని చూశాను; అది కూడా ప్రభుత్వ భూమే కదా, మంజూరు లేనిదే చీలలేదు.

ఆయన అక్కడే నిలబడి రాశారు. రాస్తూ పైకి చదివారు కూడా: 'సకల సౌకర్యములు కలవు. మోటారు నిమిత్తం కోరిన నిధులు అవసరం లేదు. ఆ సొమ్మును లేని బడికి ఇవ్వవచ్చును.' తరవాత కలం మూసి, ఆప్యాయంగా ఇంకో బాంబు వేశారు. "శనివారం నాడు మిగతా హెడ్‌మాస్టర్లందరిని తోలుకొస్త మేడం. గింత గ్రాంటుతోని బడి ఎట్ల నడపాల్నో మీరే సెప్పాలె."

ఆయన వెళ్ళాక మేడం కేకలేస్తారనుకున్నాను. వేయలేదు. వేసినా బాగుండేది. మెట్టు మీద కూర్చుని మంచినీళ్ళ సీసా మూత తీశారు, తాగకుండానే పెట్టేశారు.

"ఎందుకు జేసిన్రు తమ్మీ?"

"ఉన్నట్టు కనిపిస్తే ఇస్తారనుకున్నానండీ. మా దగ్గర అంతేనండీ."

"మా దగ్గర లేనట్టు కనవడితే ఇస్తరు. గంతే ఫరక్."

అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. అడిగేవాడు మూతికి నెయ్యి రాసుకుని అడిగితే ఆ అమ్మ ఏం పెడుతుంది? చెంప మీద పెడుతుంది.

"మీరు అది ఎత్తి చూపించేస్తే పోయేది కదండీ," అన్నాను, సిగ్గులేకుండా.

"ఎత్తితే ఏమైతది? ఆఫీసరును మోసం జేసిన హెడ్‌మిస్ట్రెస్ అని నా సర్వీసుకు మచ్చ. మీకేమైతది, ఇంకో సినిమాకు పోతరు." ఆవిడ లేచారు. పన్నెండయింది. ట్యాంకులో నీళ్ళు అయిపోయాయి. అయిదో తరగతి ఆడపిల్లలు ఇద్దరు, సంచులు భుజాన వేసుకుని, ప్లాస్టిక్ మొక్కల మధ్యనుంచి మెట్లు దిగి గేటు దాటి వెళ్ళిపోయారు. మేడం వాళ్ళను ఆపలేదు. నేను వాళ్ళ దారికి అడ్డంగా ఉన్న ఒక పూలకుండీని పక్కకు జరిపాను.

సాయంత్రానికి సామానంతా సూర్రావు గారికి అప్పజెప్పేశాను, ఒక్క మోటారు తప్ప. అది నా సొంత సృష్టి. శుక్రవారం పొద్దున్న దాన్ని ఒళ్ళో పెట్టుకుని ఆఫీసరు గారి ఆఫీసుకు ఆటో ఎక్కాను.

"గంత పెద్ద మోటరు ఒళ్ళె పెట్టుకున్నరు, బరువైతలేదా అన్నా?" అన్నాడు ఆటో డ్రైవరు అద్దంలో చూస్తూ.

"చాలా బరువుగా ఉంది," అన్నాను. నిన్నటి నుంచి నేను చెప్పిన మొదటి నిజం అది.

ఆఫీసరు గారు నన్ను గుర్తుపట్టారు. నేను మోటారును బల్ల మీద పెట్టి, ఒక వేలితో ఎత్తి చూపించాను. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, తానూ ఒక వేలితో ఎత్తారు. దించారు. ఇంకోసారి ఎత్తారు. తలుపు వేసి రమ్మన్నారు.

"మరి కంప్యూటర్లు?"

"డొల్ల సార్."

"పుస్తకాలు?"

"వీపులే సార్."

"సెట్లు?"

"చెట్లు కూడా సార్."

ఆయన తల పట్టుకున్నారు. "నా రిపోర్టు పైకి పోయింది. ఇప్పుడు మోటరు లేదని ఎట్ల రాయాలె? దొంగలు ఎత్తుకపోయిండ్రంటే పోలీస్ కేసు. కాలిపోయిందంటే ఎంక్వైరీ. అసలే లేకుండె అంటే..." అని ఆగిపోయారు. ఆ వాక్యం ఎక్కడ ముగుస్తుందో ఇద్దరికీ తెలుసు. ఆయన దగ్గరే ముగుస్తుంది.

"తప్పు మేడంది కాదు సార్. నాది. కాగితం మీద రాసి సంతకం పెడతాను."

"నీ సంతకం ఏం జేసుకోవాలె, ఆటోగ్రాఫా?" అన్నారాయన. కాసేపు సీలింగు వంక చూశారు. "మళ్ళ తనిఖీ అని ఒకటి ఉంటది. రేపు నేను ఒక్కణ్ణే వస్త. హెడ్‌మాస్టర్లను వద్దంట. నువ్వు గీ లోపట గా బడి గేటు గూడ ముట్టద్దు."

చేసిన పాపం చెబితే పోతుందంటారు. ప్రభుత్వంలో చెబితే పోదు, మళ్ళీ తనిఖీకి వస్తుంది.

శనివారం ఆయన వచ్చేసరికి బడి తన అసలు రూపంలో ఉంది. పెచ్చులూడిన గోడ, ఖాళీ వరండా, యాదమ్మ స్టోరు రూములోంచి మళ్ళీ తెచ్చి పెట్టించిన తుప్పు మోటారు. అమ్మయ్య అనుకున్నాను. ఉన్నదే కనిపిస్తోంది, ఇంక భయమేముంది?

అసలు ముప్పు అక్కడే ఉందని నాకు తట్టలేదు. ఆయన గోడను వేలితో తట్టారు. పెచ్చు ఊడిపడింది. దాన్ని తీసి వాసన చూశారు.

"ఎట్ల జేసినవ్ ఇది?"

"నేను చేయలేదు సార్. అది అసలు గోడే."

మోటారు దగ్గర వంగి, బండి తాళంతో తుప్పును గీకారు. "మస్తు నాచురల్‌గ ఉన్నది. ఎన్ని కోట్లు రంగు వేసినవ్?"

"నిజం తుప్పు సార్. ఒట్టు."

"మొన్న గూడ కరెంటు ఉన్నదన్నవ్."

మంచి సెట్ కట్టే పేరొచ్చినవాడి దగ్గర నిజం గోడ కూడా సాక్ష్యానికి పనికిరాదు. మేడం చెప్పారు, టీచర్లు చెప్పారు. ఆయన అందరి వంకా ఒకే చూపు చూశారు, జూనియర్ ఆర్టిస్టులను చూసినట్టు. ఫైలు తెరవలేదు. "ఇంకో వారం ఆగి, చెప్పకుండ వచ్చి సూస్త," అని గేటు వైపు తిరిగారు. మేడం ముఖం పాలిపోయింది. ఇంకో వారమంటే ఆ తరవాత ఇంకో నెల, ఆ తరవాత ఇంకో ఏడాది అని ఆవిడకు తెలుసు.

అప్పుడు యాదమ్మ సంపులోంచి బకెట్ పైకి లాగి, తాడు విప్పి, ఆయన ముందు పెట్టింది.

"సారూ, మీరెట్లనో పైకి పోయి దొడ్లు సూడాలె గదా. జర గీ బకీటు పట్టుకపోండ్రి. నా మోకాళ్ళు గుంజుతున్నయ్."

అందరం బిగుసుకుపోయాం. ఆఫీసరుకు బకెట్ ఇవ్వడం ఆ శాఖ చరిత్రలో ఉందో లేదో నాకు తెలియదు. ఆయన కూడా ఒక క్షణం తెల్లబోయారు. తరవాత, ఇది కూడా డొల్లదేనేమో అనుకున్నారో ఏమో, ఫైలు నా చేతిలో పెట్టి బకెట్ ఒక వేలితో ఎత్తబోయారు. లేవలేదు. చేత్తో పట్టుకున్నారు. రెండు చేతులతో పట్టుకున్నారు.

ఏడో మెట్టు దగ్గర బూట్లలోకి నీళ్ళు పోయాయి. పదకొండో మెట్టు దగ్గర ఆగి ఊపిరి తీసుకున్నారు. పద్దెనిమిదో మెట్టు ఎక్కేసరికి బకెట్ సగమైంది. పైన, మరుగుదొడ్ల ముందు, అయిదో తరగతి ఆడపిల్లలు చేతుల్లో ఖాళీ మగ్గులతో వరసగా నిలబడి ఉన్నారు. బకెట్‌తో వచ్చింది యాదమ్మ కాకపోయేసరికి వాళ్ళు ఒకరి వెనక ఒకరు దాక్కున్నారు.

ఆయన బకెట్ అక్కడ పెట్టి ముఖం పక్కకు తిప్పుకుని దిగొచ్చారు. మెట్టు మీద కూర్చుని బూటు విప్పి నీళ్ళు వంచారు.

"దినాం ఎన్ని బకీట్లు మోస్తవ్ అమ్మా?"

"లెక్కవెట్టలే సారూ. మోకాళ్ళకెరుక."

ఆయన నా చేతిలోంచి ఫైలు తీసుకున్నారు. ఆ తడి మెట్టు మీదే కూర్చుని రాశారు. ఈసారి పైకి చదవలేదు. నేను వెనకనుంచి తొంగిచూశాను, నా జబ్బు మీకు తెలిసిందేగా. 'మొదటి తనిఖీలో మోటారు ఉన్నట్లు పొరబడితిని' అని ఒక్క వాక్యం కనిపించింది. తప్పు ఆయనది కాదు, నాది. కానీ ఆ మాట తన మీద వేసుకున్నారు. మేడం పేరు లేదు, నా పేరూ లేదు. సెట్ కట్టడం మాకే వచ్చనుకున్నాను. ఆ పెద్దమనిషి ఒక్క వాక్యంతో మా ఇద్దరికీ అడ్డంగా గోడ కట్టేశారు, అదీ వెనక ఏ కర్రల ఆసరా లేకుండా.

రెండో విడత గ్రాంటుతో పాటు మోటారు డబ్బులూ వచ్చాయి. ఎప్పుడు వచ్చాయని అడక్కండి, ప్రభుత్వానికి దాని నడక దానికుంటుంది. వచ్చాయి. కొత్త మోటారు పెట్టిన రోజు మేడం స్విచ్ వేశారు. అది దగ్గింది, గురక పెట్టింది, ఊళ్ళో ఉన్న బధిరులు కూడా ఉలిక్కిపడేంత మోత మోగింది. నేను చెక్కినదానికి ఉన్న అందంలో దానికి పావు వంతు లేదు. పైన కుళాయిలో మాత్రం నీళ్ళొచ్చాయి. ఆ వారంలో మధ్యాహ్నం తెలుగు పీరియడ్‌కు అయిదో తరగతిలో ఖాళీ జాగాలు లేవు. నేను అడిగి మరీ తెలుసుకున్నాను.

కథ ఇక్కడితో కంచికి వెళ్ళవలసింది. కానీ నాలుగు నెలల తరవాత, మండుటెండలో, నాకో ఫోను వచ్చింది.

"తమ్మీ, గుర్తువట్టినవా? నేను, ఆఫీసరును."

"చెప్పండి సార్," అన్నాను, తెలియకుండానే లేచి నిలబడి.

"ఏం లేదు. మా ఆఫీసు కప్పు వానకాలంల కారుతది. ఫైళ్ళన్ని తడుస్తయ్. మెయింటెనెన్స్ కింద పైసలు అడిగినం. రేపు పై నుంచి పెద్ద సారు సూడనీకి వస్తుండ్రు."

"మంచిదే కదా సార్."

"ఏం మంచిది? ఎండకాలంల వస్తే కప్పు ఎట్ల కారుతది? కండ్లతోని సూడందే ఆయన రాయడు." ఆయన గొంతు తగ్గింది. "మీ సినిమాలల్ల వాన కురిపిస్తరు గదా తమ్మీ. జర... మూలకు ఒక సుక్క... వద్దు గాని, ఊరికే అడుగుతున్న, అట్ల ఐతదా?"

ఐతది. పైపు ఒకటి, మేకులు నాలుగు, మచ్చలకు కాస్త టీ డికాక్షన్. గంట పని. నా వేళ్ళు అప్పటికే జేబులో టేపు కోసం వెతుకుతున్నాయి. కారే కప్పే కదా, అబద్ధం కాదే, కాలం కాని కాలంలో చెబుతున్న నిజం, అంతే కదా అని లోపల ఒక వకీలు వాదన మొదలుపెట్టాడు. ఎడమ చేత్తో కుడిచేతిని పట్టుకున్నాను.

"సార్, పెద్దసారును వానాకాలంలో రమ్మనండి," అన్నాను. "గొడుగు నేనిస్తాను."

అవతలనుంచి నిట్టూర్పు లాంటిదో నవ్వు లాంటిదో వినిపించింది. ఫోను పెట్టేశారు.

కనుక ఇందుమూలముగా సమస్త పాఠకులకు తెలియజేయునదేమనగా: రహమత్ నగర్ నివాసినైన నేను, యాదమ్మగారి ఎదుట చేతులు కట్టుకుని నిలబడి, ఈ కింది విధముగా ప్రతిజ్ఞ చేయడమైనది. ప్రభుత్వం చూడబోయే ఏ గోడనూ, ఏ కప్పునూ, ఏ కుళాయినీ నేను అందంగా గానీ అధ్వాన్నంగా గానీ చేయను. ఉన్నది ఉన్నట్టుగా, లేనిది లేనట్టుగా, కారేది కారే కాలంలోనే చూపిస్తాను. ఈ ప్రతిజ్ఞ ఫిల్మ్ నగర్ పరిధిలో మాత్రం వర్తించదు. నా పొట్ట కూడా రోజూ తెరుచుకుని రోజూ మూసుకోవాలి కదా. దాని నిర్వహణ ఖర్చులకు ఏ సర్కారూ గ్రాంటు ఇవ్వదు.